బార్బెక్యూ పోటీకి తొలిసారి దిగుతున్నారా? స్మోకర్ కొనే ముందు ఇది చదవండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. ఇంట్లో పెలెట్ గ్రిల్ (చెక్క గుళికలు మండించే పొయ్యి) మీద వండితే తిన్నవాళ్లంతా రెస్టారెంట్ పెట్టమంటున్నారు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి వచ్చే సీజన్‌లో బార్బెక్యూ పోటీకి వెళ్దామనుకుంటున్నారు. ఏ స్మోకర్ (పొగతో మాంసం వండే పొయ్యి) కొనాలి, ఖర్చెంత, మన మసాలాలు పనికొస్తాయా, టీమ్‌లో ఇద్దరు బీఫ్ ముట్టరు కాబట్టి ఎలా అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే ఏమీ కొనకండి. ముందు జడ్జీలకు శిక్షణ ఇచ్చే జడ్జింగ్ క్లాసుకి వెళ్లండి, కుదరకపోతే ఒక పోటీలో వాలంటీర్‌గా పనిచేయండి. స్మోకర్ సంగతి ఆ తర్వాత. ఇంట్లో మీ చేతి వంట తినేవాళ్లు మీవాళ్లు, ఆకలి మీద ఉంటారు, ప్లేటు నిండా వేడివేడిగా తింటారు. పోటీలో ఆరుగురు ముక్కూమొహం తెలియనివాళ్లు గోరువెచ్చగా మారిన ఒక ముక్కని ఒకటి రెండు సార్లు కొరికి నంబర్ వేస్తారు. ఆ కొరుకు కోసం వండటం వేరే విద్య. జడ్జి కుర్చీలో ఒక్కసారి కూర్చుంటే, ఏడాది పాటు వీడియోలు చూసినా తెలియనివి తెలుస్తాయి.

నేను కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాను. చిన్న టీమ్‌తో వండుతాను, వండని వారాల్లో జడ్జిగా వెళ్తుంటాను. అందుకే కింద రాసేదంతా ఎక్కువగా కేసీబీఎస్, అంటే 1985లో ఇక్కడ మొదలైన కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పద్ధతిలోనిది. మీ టెక్సాస్‌లో వేరే సంఘాలు కూడా ఉన్నాయి, వాటి గురించి చివర్లో చెప్తాను.

ముందు మార్కుల లెక్క అర్థం చేసుకోండి

కేసీబీఎస్ పోటీలో నాలుగు మాంసాలు: చికెన్, పోర్క్ రిబ్స్, పోర్క్ (అంటే భుజం మాంసం), బీఫ్ బ్రిస్కెట్ (ఛాతీ మాంసం). ఒక్కో దానికి ఆరుగురు జడ్జీలు. చూపుకి, రుచికి, మెత్తదనానికి విడివిడిగా మార్కులు, గరిష్ఠం 9. కానీ ఈ మూడింటికీ బరువు సమానం కాదు. చూపు మార్కుని 0.56తో, రుచిని 2.2972తో, మెత్తదనాన్ని 1.1428తో గుణిస్తారు. అన్నీ 9లు వస్తే ఒక జడ్జి దగ్గర 36. ఆరుగురిలో అన్నిటికంటే తక్కువ వేసినవారిది తీసేస్తారు, మిగిలిన ఐదుగురివి కలిపితే 180. నాలుగు మాంసాలకు కలిపి 720.

ఈ లెక్కలోంచి రెండు విషయాలు తేలతాయి. ఒకటి, రుచిలో ఒక మార్కు పోవడమంటే చూపులో నాలుగు మార్కులు పోయినంత. అయినా కొత్త టీమ్‌లు శుక్రవారం రాత్రంతా కూర్చుని, జడ్జీలకు మాంసం పెట్టి ఇచ్చే బాక్సులో ఆకులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ ఉంటాయి. పార్స్‌లీ పరుపు వేయడానికి మూడు గంటలు, సాస్ రుచి చూడటానికి మూడు నిమిషాలు! ఆకులు పెట్టడం అసలు తప్పనిసరే కాదు. పెడితే లెట్యూస్, పార్స్‌లీ, కేల్, కొత్తిమీర లాంటి రూల్స్ ఒప్పుకున్న పచ్చని ఆకులే పెట్టాలి. అవును, మన కొత్తిమీర కూడా ఉంది. దాన్ని చూసి ముచ్చటపడకండి, దాని వాసన మాంసానికి పడుతుంది. నేను వాడను.

రెండోది, 8 అంటే 'చాలా బాగుంది' అని అర్థం. అందరూ అన్నిటికీ 8 వేస్తే మీకు వచ్చేది 640. ఆ స్కోరుతో ఇప్పటి పోటీల్లో కింది సగంలో ఉంటారు. గెలిచేవాళ్లు 700కి దగ్గరగానో, దాటో ఉంటారు. అంటే పోటీ బాగున్నదానికీ బాగోలేనిదానికీ మధ్య జరగడం లేదు, 8కీ 9కీ మధ్య జరుగుతోంది. ఫ్రెండ్స్ 'సూపర్' అన్నది ఇక్కడ 8.

జడ్జి టేబుల్ దగ్గర ఏం జరుగుతుంది

మీరిచ్చిన తెల్ల థర్మాకోల్ బాక్సు మీద టీమ్ పేరు ఉండదు, నంబర్ ఉంటుంది, దాన్ని కూడా మార్చేస్తారు. టేబుల్ కెప్టెన్ ఒక్కో బాక్సు తెరిచి ఆరుగురికీ చూపిస్తాడు, వాళ్లు చూపు మార్కు వేస్తారు. తర్వాత బాక్సులు చేతులు మారుతూ వస్తాయి. ఒక్కో జడ్జి ఒక్కో ముక్క తీసి తన ముందున్న కాగితం మీద నంబర్ ఉన్న గడిలో పెట్టుకుంటాడు. అన్నీ వచ్చాకే తినడం మొదలు. ఫోర్కులు ఉండవు, చేత్తోనే. మధ్యలో క్రాకర్ బిస్కెట్, నీళ్లు. మార్కులు ఇచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

ఇక్కడ గమనించాల్సింది టైమ్. మీరు కత్తి పెట్టినప్పటి నుంచి జడ్జి నోట్లోకి వెళ్లేసరికి పావుగంట సులువుగా గడుస్తుంది. ఈలోపు సాస్ చిక్కబడుతుంది, కొవ్వు గడ్డకట్టడం మొదలవుతుంది, బ్రిస్కెట్ ముక్క అంచులు ఆరిపోతాయి, ఉప్పు పైకి తేలుతుంది. అందుకే ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు వేడిగా రుచి చూడకండి. బాక్సులో పెట్టి మూత వేయండి, పదిహేను నిమిషాలు టైమర్ పెట్టండి, అప్పుడు తెరిచి ఒక్క ముక్క కొరకండి. మీ చికెన్ స్కిన్ రబ్బరులా సాగుతోందో లేదో అప్పుడే తెలుస్తుంది. నన్నడిగితే కొత్తవాళ్ల స్కోరు పెంచే పని ఇంతకు మించి ఇంకోటి లేదు, దీనికి రూపాయి ఖర్చు కూడా లేదు.

గడియారం

డిఫాల్ట్‌గా చికెన్ 12:00, రిబ్స్ 12:30, పోర్క్ 1:00, బ్రిస్కెట్ 1:30కి ఇవ్వాలి. చెప్పిన టైమ్‌కి ఐదు నిమిషాల ముందు నుంచి ఐదు నిమిషాల తర్వాత దాకా తీసుకుంటారు. అది దాటితే ఎంత బతిమాలినా తీసుకోరు. ఒక పోటీలో పక్క టీమ్ కుర్రాడు బాక్సు పట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి టేబుల్ మూసేశారు. వాళ్ల ఫోన్‌లో టైమ్ ఒకటి, టర్న్ ఇన్ టేబుల్ (బాక్సులు అందజేసే చోటు) మీది గడియారం ఇంకొకటి. కుక్స్ మీటింగ్‌లో ఆ గడియారం చూసి మీ వాచీ కలుపుకోండి.

ప్లాన్ ఎప్పుడూ వెనక నుంచి రాయాలి. బ్రిస్కెట్ 1:30కి ఇవ్వాలంటే 1:15కి కొయ్యాలి. దానికి ముందు కనీసం రెండు మూడు గంటలు ఫాయిల్‌లోనో బుచర్ పేపర్‌లోనో చుట్టి కూలర్‌లో (వేడి పోనివ్వని పెట్టెలో) రెస్ట్ ఇవ్వాలి. అంటే పది, పదిన్నరకల్లా స్మోకర్ నుంచి దించాలి. 250 ఫారెన్‌హీట్‌లో వండేవాళ్లు అర్ధరాత్రి పెడతారు, 300లో వండేవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి పెడతారు. కొత్తవాళ్లకి నా ఓటు రెండోదానికే. రాత్రి నాలుగు గంటలైనా నిద్ర దొరుకుతుంది, మధ్యాహ్నం 12 నుంచి 1:30 దాకా బుర్ర పనిచేయాలి కదా. శుక్రవారం రాత్రి బీర్లతో సందడి చేసి, పొద్దున నిప్పు ఆరిపోయాక లేచే టీమ్‌లు ప్రతి పోటీలోనూ కనిపిస్తాయి.

బ్రిస్కెట్ విషయంలో కొత్తవాళ్లకి టెన్షన్ పుట్టించే ఘట్టం ఒకటుంది. లోపలి ఉష్ణోగ్రత 150 నుంచి 170 మధ్య ఎక్కడో ఆగిపోయి గంటల తరబడి కదలదు. మాంసానికి చెమట పడుతున్నట్టు అనుకోండి. పైన తడి ఆవిరవుతూ చల్లబరుస్తోంది, సెగ ఇచ్చే వేడికీ దానికీ సరికి సరి అయిపోతోంది. చుట్టేస్తే ఆవిరి ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. భయపడి నిప్పు ఎగదోయకండి. దించేది థర్మామీటర్‌లో అంకె చూసి కాదు. 203 దగ్గర అని అందరూ అంటారు, నిజమే, ఎక్కువసార్లు అక్కడికి అటూ ఇటూ అవుతుంది. కానీ సన్నటి ప్రోబ్ గుచ్చితే వెన్నలోకి దిగినంత మెత్తగా దిగాలి. 198లో దిగితే 198కే దించేయండి, 207 దాకా దిగకపోతే ఆగండి.

నాలుగు మాంసాలు

చికెన్‌లో దాదాపు అందరూ తొడ ముక్కలే ఇస్తారు. మనకి ఇక్కడే ఇబ్బంది. మన ఇళ్లలో చికెన్ అంటే స్కిన్ తీసేసి, చిన్న ముక్కలు కొట్టించి, పులుసులోనో వేపుడులోనో వేస్తాం. స్కిన్ వండటం మనకి అలవాటు లేని పని. పోటీలో అదే పరీక్ష: జడ్జి కొరికితే స్కిన్ కొరికినంత మేరే తెగాలి. దుప్పటిలా మొత్తం ఊడి వచ్చిందంటే మెత్తదనం మార్కు పడిపోతుంది. దీనికి చేసేది ఇది. తొడ మీది స్కిన్ ఊడదీసి, లోపలి వైపు పైకి ఉండేలా చెక్క మీద పరిచి, పదునైన కత్తిని నిలువుగా పట్టుకుని కొవ్వంతా గీకాలి. కాగితంలా పలచబడి, వెలుతురుకి పట్టుకుంటే అవతల వేళ్లు కనిపించేలా కావాలి. చిరిగితే పక్కన పడేయండి, అందుకే ఎక్కువ ముక్కలు కొనాలి. మాంసాన్ని ఒకే సైజుకి కత్తిరించి, ఆ స్కిన్‌ని మళ్లీ చుట్టి అంచులు కిందికి మడవాలి. ఒక్కో ముక్కకి అయిదు పది నిమిషాలు పడుతుంది, చాలా విసుగు పని. ఇంట్లోనే చేసుకోండి, ట్రిమ్మింగ్ ముందే చేసుకుని రావచ్చు, ఉప్పూ కారం పట్టించి మాత్రం రాకూడదు.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ముందు రోజు రాత్రే మసాలా కలిపి ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మనది. పోటీలో మాంసం పచ్చిగా, ఏమీ పట్టించకుండా తీసుకొచ్చి ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి. 40 ఫారెన్‌హీట్ దాటకుండా చల్లగా ఉండాలి. ఆయన చూసి సరే అన్నాకే రబ్ (పైన రుద్దే పొడి మసాలా), ఇంజెక్షన్ (సూదితో లోపలికి ఎక్కించే రసం), మారినేషన్ ఏదైనా. ఇంట్లో కలిపి తెస్తే ఆ మాంసంతో పోటీ చేయనివ్వరు. ముందే ఉడకబెట్టడం, నూనెలో ముంచి వేయించడం కూడా కుదరవు.

తొడ ముక్క 165కి ఆపకండి. తినడానికి సేఫ్ అంతే, 175 నుంచి 185 మధ్య అయితేనే కొరుకు బాగుంటుంది.

రిబ్స్‌లో బయటి ప్రపంచం అంతా మెచ్చుకునేది 'ఎముక నుంచి జారిపోయేంత మెత్తగా' అని. పోటీలో అది ఎక్కువ ఉడికినట్టు లెక్క. మధ్యలో కొరికితే కొరికిన చోటి మాంసం మాత్రమే రావాలి, పక్కది అలాగే ఎముకని పట్టుకుని ఉండాలి, పంటి గుర్తు అర్ధచంద్రాకారంలో శుభ్రంగా కనిపించాలి. కొరికిన చోట ఎముక కాసేపటికి ఆరి తెల్లబడుతుంది, నేను జడ్జి కుర్చీలో చూసేది అదే. 275లో నాలుగు గంటలకి అటూ ఇటూ. వెనక ఉన్న పొర తీసేయడం, సగంలో ఫాయిల్‌లో బ్రౌన్ షుగర్, తేనె, వెన్నతో చుట్టడం, చివర్లో సాస్. కోసేటప్పుడు ఎముకల వైపు పైకి తిప్పి కోయండి, ఎముక వంకర ఎటుందో కనిపిస్తుంది.

పోర్క్ గురించి ఎక్కువ చెప్పను. బాస్టన్ బట్ అనే భుజం ముక్కలో ఎముకకి అవతలి చివర చారలు చారలుగా ఉండే గొట్టం లాంటి కండ ఒకటుంటుంది, దాన్ని 'మనీ మజిల్' అంటారు. పేరు ఊరికే రాలేదు. అది మిగతా ముక్క కంటే ముందే అవుతుంది, దానికి విడిగా ప్రోబ్ పెట్టండి. దాన్ని బిళ్లలుగా కోసి, పక్కన పీచు మాంసం కొంత పెడితే మొదటి ఏడాదికి చాలు.

బ్రిస్కెట్ ముక్క పెన్సిల్ మందం. పీచుకి అడ్డంగా కొయ్యాలి. వండాక పీచు ఎటుందో కనిపించదు, పచ్చిగా ఉన్నప్పుడే ఒక మూల పీచుకి అడ్డంగా చిన్న గాటు పెట్టుకోండి. ముక్క రెండు వేళ్లతో పైకెత్తితే దాని బరువుకి అది తెగకూడదు, మెల్లగా లాగితే తెగాలి. మాంసం అంచున గులాబీ రంగు వలయం వచ్చిందని సంబరపడకండి. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని జడ్జీలకు క్లాసులోనే చెప్తారు.

ఏ మాంసమైనా బాక్సులో ఆరుగురికీ విడివిడి ముక్కలు ఉండాలి. పైకి ఆరు కనిపించడం కాదు, కత్తి అడుగుదాకా దిగి ఉండాలి. రెండు ముక్కలు అంటుకుని ఒక జడ్జి చేతికే వచ్చేస్తే చివరి జడ్జికి ముక్క దొరకదు, ఇక ఆ బాక్సు గతి అంతే. ఫాయిల్ తునక, టూత్‌పిక్ లాంటివి లోపల దొరికినా అంతే సంగతి. వెలుతురు బాగా ఉన్న టేబుల్ మీద, రెండో మనిషి వేలితో లెక్కపెట్టాకే మూత వేయండి.

మన మసాలాలు

వాడకూడదని ఏ రూల్ లేదు. కానీ జడ్జి నాలుక మన నాలుక కాదు. ఇక్కడి జడ్జీలు ముందు తీపి, వెంటనే ఉప్పు, పొగ, చివర్లో సన్నగా కారం తగలాలని అనుకుంటారు. గుంటూరు కారం రబ్‌లో పడితే ఒక జడ్జికి అద్భుతం, నలుగురికి మంట. ఒక్కరు తక్కువ వేస్తే తీసేస్తారు, నలుగురు వేస్తే తీసేయరు. ఈ ఆట అందరికీ నచ్చేదానిది, ఒకరికి పిచ్చిగా నచ్చేదానిది కాదు. ఇది నాకూ చిరాకే, కానీ లెక్క అలాగే ఉంది.

పనికొచ్చేవి ఉన్నాయి. పాప్రికా బదులు కాశ్మీరీ మిరప లేదా బ్యాడిగి వాడితే రంగు ఎర్రగా దిగుతుంది, మంట తక్కువ. మిరియాలు బ్రిస్కెట్‌కి ప్రాణం, అప్పటికప్పుడు బరకగా దంచినవి అయితే ఇంకా మేలు. వేయించిన ధనియాల పొడి కొద్దిగా పోర్క్‌కి బాగుంటుంది. పులుపుకి చింతపండు అంటే నవ్వుతారేమో గానీ, ఇక్కడ చాలా సాసుల్లో పడే వూస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు కూడా ఉంటుంది. లవంగం, దాల్చినచెక్క, యాలకులు మాత్రం పక్కన పెట్టండి. పొగతో కలిస్తే అవి రెట్టింపు ఘాటుగా తగులుతాయి. తడి అల్లం వెల్లుల్లి ముద్ద, పెరుగు మారినేషన్ కూడా వద్దు. గంటల తరబడి సెగలో ముద్ద మాడి చేదెక్కుతుంది, పైన కావాల్సిన గట్టి నల్లటి పొర కట్టదు. వెల్లుల్లి పొడి వాడుకోండి.

ఇంకోటి, అన్నీ సొంతంగా కలపాలన్న పంతం వద్దు. రబ్బులు, సాసులు షాపులో కొన్నవి వాడొచ్చు. పైనున్న టీమ్‌లలో చాలామంది బ్లూస్ హాగ్ లాంటి అమ్మే సాసులనే అటూ ఇటూ కలిపి వాడుకుంటారు. మొదటి సీజన్ అంతా అదే రబ్, అదే సాస్ ఉంచి, సెగ, టైమింగ్ కుదుర్చుకోండి. ఆ తర్వాత ఒక్కొక్కటే మార్చండి. ఒకేసారి మూడు మారిస్తే స్కోరు దేనివల్ల పెరిగిందో ఎప్పటికీ తెలియదు.

బీఫ్ తినని వాళ్ల సంగతి

ఇది మనవాళ్లందరూ అడుగుతారు. ఇద్దరు తినకపోతే ఇబ్బంది లేదు, మిగతా ఇద్దరిలో ఒకరు బ్రిస్కెట్ బాధ్యత తీసుకోవాలి. ఎందుకంటే రుచి చూడకుండా ఏ ముక్క బాక్సులో పెట్టాలో తేల్చలేం. తినని వాళ్లు ముట్టుకోవడానికీ ఇష్టపడకపోతే ఆ మాట ఇప్పుడే మాట్లాడుకోండి, శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి కాదు. బ్రిస్కెట్ ఇవ్వకుండా మిగతా మూడింటిలో పోటీపడినా ఆ విడి బహుమతుల మీద ఆశ ఉంటుంది, మొత్తం మీద గ్రాండ్ చాంపియన్ మాత్రం కాలేరు. చాలా చోట్ల పెద్ద పోటీ పక్కనే 'బ్యాక్‌యార్డ్' విభాగం పెడతారు, అందులో ఎక్కువగా చికెన్, రిబ్స్ మాత్రమే. ఫీజు తక్కువ, పక్క టీమ్‌లు కూడా కొత్తవే. మీకు అదే సరైన మొదటి మెట్టు అనిపిస్తోంది.

జడ్జింగ్ క్లాసులో మాత్రం నాలుగూ రుచి చూడాలి. అందుకే బీఫ్, పోర్క్ తినని మీ ఫ్రెండ్స్ వాలంటీర్లుగా వెళ్లడం మంచిది. బాక్సులు తీసుకునే చోట, మోసే చోట ఆర్గనైజర్లకి ఎప్పుడూ మనుషుల కొరతే. ఒక్క మధ్యాహ్నం అక్కడ నిలబడితే మంచి బాక్సు ఎలా ఉంటుందో కళ్లు నేర్చుకుంటాయి.

స్మోకర్, నిప్పు, ఖర్చు

మీ పెలెట్ గ్రిల్‌తోనే మొదలుపెట్టండి. కేసీబీఎస్‌లో కట్టెలు, పెలెట్లు, బొగ్గు ఒప్పుకుంటారు. గ్యాస్, కరెంటు సెగతో వండకూడదు, నిప్పు రాజేయడానికి గ్యాస్ వాడుకోవచ్చు. ఫ్యాన్, పెలెట్లు తోసే మోటార్ కరెంటుతో నడిచినా ఫరవాలేదు. కాబట్టి సైట్‌లో కరెంటు ఇస్తారో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే జనరేటర్. మంటలార్పే సిలిండర్ తప్పనిసరి.

రెండోది కొనాలనుకుంటే వెబర్ స్మోకీ మౌంటెన్ లాంటి మామూలు బొగ్గు స్మోకర్ చాలు. కాలిఫోర్నియాలో హ్యారీ సూ అని మలేషియా నుంచి వచ్చి ఐటీ ఉద్యోగం చేసిన ఒకాయన ఉన్నారు. వేల డాలర్ల పిట్‌లు (పెద్ద స్మోకర్లు) లాక్కొచ్చిన టీమ్‌ల మధ్య ఆ చిన్న వెబర్లతోనే గ్రాండ్ చాంపియన్‌షిప్‌లు గెలిచి పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో ఆయనకీ మనలాగే వారమంతా ఆఫీసు, వీకెండ్ పొగ.

పొగ గురించి ఒక్క మాట: చిమ్నీలోంచి తెల్లగా దట్టంగా వస్తోందంటే కట్టె సరిగా మండటం లేదు, మాంసం చేదెక్కుతుంది. కనిపించీ కనిపించనట్టు సన్నగా, నీలంగా రావాలి. కట్టెల్లో చికెన్‌కి చెర్రీ, యాపిల్, బీఫ్‌కి ఓక్, హికరీ. మెస్కీట్ ఘాటు, అలవాటయ్యేదాకా వద్దు.

ఖర్చు దగ్గర మొహమాటం లేకుండా చెప్తాను. ఎంట్రీ ఫీజు, మాంసం, బొగ్గు, ప్రయాణం కలిపితే ఒక మామూలు కేసీబీఎస్ వీకెండ్ వెయ్యి డాలర్లకి చేరువవుతుంది. మంచి వాగ్యూ (కొవ్వు బాగా పట్టే జపాన్ జాతి పశువుల బీఫ్) బ్రిస్కెట్ ఒక్కటే మాంసం ఖర్చులో పెద్ద భాగం మింగేస్తుంది. మొదటి ఏడాది వాగ్యూ అక్కర్లేదు, ప్రైమ్ గ్రేడ్ (మామూలు బీఫ్‌లో మేలురకం) తీసుకోండి. బహుమతి డబ్బుతో తిరిగొస్తుందనుకుని దిగితే నిరాశే. నలుగురూ సమానంగా వేసుకుని, పోయిన డబ్బు కిందే లెక్కేసుకోండి. పేరున్న పిట్‌మాస్టర్ల వంట క్లాసులు ఖరీదైనవి, రెండో ఏడాదికి ఆపుకోండి. మీ సమస్య ఏమిటో మీకు తెలిశాక వెళ్తే అడగాల్సిన ప్రశ్నలు ఉంటాయి.

టెక్సాస్‌లో ఉన్నారు కాబట్టి

మీ చుట్టుపక్కల ఐబీసీఏ (ఇంటర్నేషనల్ బార్బెక్యూ కుకర్స్ అసోసియేషన్) పోటీలు ఎక్కువ. అక్కడ సగం కోడి, పోర్క్ స్పేర్ రిబ్స్, బ్రిస్కెట్ ఇవ్వాలి. ఆకుల అలంకరణ లేదు, ఫాయిల్ మీద పెట్టి ఇవ్వడమే. జడ్జీల్లో ఎక్కువమంది ట్రైనింగ్ తీసుకోని మామూలు జనం, స్పాన్సర్ల మనుషులు. తీపి కాస్త తగ్గించి మిరియాలు, పొగ పెంచితే అక్కడ నడుస్తుంది. ఇంకా చిన్నగా మొదలుపెట్టాలంటే, 2013లో టెక్సాస్‌లోనే పుట్టిన స్టీక్ కుకాఫ్ అసోసియేషన్ పోటీలు చూడండి. రిబై స్టీక్ వాళ్లే ఇస్తారు, ఒకటే టర్న్ ఇన్, రాత్రి మేలుకోవాల్సిన పని లేదు. అయితే అది బీఫే కాబట్టి మీ టీమ్‌లో ఆ పని ఎవరిదో తెలిసిందే.

ఏ సంఘమైనా సరే, ఆ ఏడాది రూల్ బుక్ వాళ్ల వెబ్‌సైట్ నుంచి తీసుకుని నలుగురూ చదవండి. ప్రతి ఏడాదీ ఏదో ఒకటి మారుతుంది. నేను రాసింది కూడా దాంతో సరిచూసుకోండి.

చివరిగా మీరు అడగనిది ఒకటి: నలుగురిలో ఉప్పు సరిపోయిందా లేదా అని తేల్చే మనిషి ఒక్కరే ఉండాలి. పన్నెండుకి పది నిమిషాల ముందు నాలుగు నాలుకలు నాలుగు మాటలు చెప్తే బాక్సు కదలదు. మిగతావాళ్లు ఒకరు నిప్పు, ఒకరు గడియారం, ఒకరు బాక్సు చూసుకోండి. పోటీ అయ్యాక ఒక్కో జడ్జి ఏం వేశాడో చూపించే స్కోర్ షీట్ ఇస్తారు, కొందరు జడ్జీలు కామెంట్ కార్డు కూడా రాస్తారు. మీ మొదటి షీట్ వచ్చాక పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి. రుచిలో పోయిందా, మెత్తదనంలో పోయిందా, లేక ఒక టేబుల్ చేతి పిసినారితనమా అన్నది చూసి చెప్తాను.